జియాలజీ అమ్మాయి, నీటి మోడళ్లు, నాన్న టెన్షన్

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. నేల కోత, నదులు, నీటి నాణ్యత మీద కంప్యూటర్ మోడళ్లు చేస్తానంటోంది. అదేదో ఎంసీఏ చేసి సాఫ్ట్‌వేర్‌లోకి పొమ్మంటున్నాను. ఏం చేయమంటారు సార్?

జవాబు: మీ భయం అర్థమైంది. ఈ రంగంలో క్యాంపస్ సెలక్షన్లు పెద్దగా ఉండవు. డిగ్రీతో సరిపోదు, ఎమ్మెస్సీయో ఎంటెకో కావాలి. పరిశోధన సంస్థల్లో మొదట దొరికేవి చాలావరకు గడువున్న ప్రాజెక్టు ఉద్యోగాలే. అయినా ఇప్పుడే వద్దనకండి. ముందు ఈ పని తనకు సరిపడుతుందో లేదో తేల్చుకోనివ్వండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఈ సెలవుల్లో మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్‌కి నీరొచ్చే ప్రాంతాన్ని స్వాట్ అనే మోడల్‌లో పెట్టమనండి. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు, టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు కలిసి తయారుచేసిన ఈ మోడల్ ఉచితం. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది, అదీ ఉచితమే. నేల ఎత్తుపల్లాలు, మట్టి రకం, భూమి వాడకం, వాన, ఉష్ణోగ్రత ఇస్తే ఎంత నీరు, ఎంత మట్టి, ఎంత నత్రజని, భాస్వరం కొట్టుకొస్తాయో లెక్క కడుతుంది. ఎత్తుల డేటా ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

రంగుల మ్యాప్ రాగానే పిల్లలు పని అయిపోయిందనుకుంటారు. తప్పు డేటా ఇచ్చినా మోడల్ అంతే అందమైన మ్యాప్ ఇస్తుంది. అసలు పని ఆ తర్వాతే: మోడల్ చెప్పిన ప్రవాహాన్ని నిజంగా కొలిచిన ప్రవాహంతో సరిపోల్చడం, తేడా ఎందుకొచ్చిందో వెతకడం, విలువలు సవరించి మళ్లీ నడపడం. చిన్న గెడ్డలకు (వాగులకు) కొలతలు దొరకడమే కష్టం. ఇంటర్వ్యూలో నేనైతే ఒక్కటే అడుగుతాను: 'ఈ అంకెను ఎందుకు నమ్మాలి?'

నీటి నాణ్యత వైపు వెళ్లాలంటే 1925 నాటి స్ట్రీటర్-ఫెల్ప్స్ సమీకరణంతో మొదలుపెట్టమనండి. మురుగు కలిశాక నదిలో ఆక్సిజన్ ఎలా పడిపోయి, దిగువన ఎలా కోలుకుంటుందో ఒహాయో నది అధ్యయనంలో తేల్చిన లెక్క అది. ఎక్సెల్‌లో ఒక మధ్యాహ్నం పని. నేల కోత ఇష్టమైతే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉండనే ఉన్నాయి. వాన నీరు అక్కడ తవ్విన లోయల్ని ఒకసారి చూసొచ్చి, నేల కోతను లెక్కగట్టే ల్యాండ్‌ల్యాబ్ అనే పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) లైబ్రరీలో వాలును, నీటి ప్రవాహాన్ని మార్చి చూడమనండి. జియాలజీ చదివిన పిల్లకు ఇక్కడ ఇంజనీర్ల కన్నా కొంత మొగ్గు ఉంటుందనే నా నమ్మకం.

వేలకు వేలు కట్టే సర్టిఫికెట్ కోర్సుల జోలికి మాత్రం పోకండి.

తర్వాతి దారులంటారా? ఐఐటీలలో ఎమ్మెస్సీకి రాసే జామ్ ప్రవేశ పరీక్షలో జియాలజీ పేపర్ ఉంది. ఇక్కడే ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలో, జాతీయ జలవిజ్ఞాన సంస్థ డెల్టా కేంద్రం కాకినాడలో ఉన్నాయి. వరద అధ్యయనాలు, పర్యావరణ నివేదికలు చేసే ప్రైవేటు కన్సల్టెన్సీలు ఎటూ ఉన్నాయి.

ఎంసీఏకి సాధారణంగా ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలి, ముందు అది చూసుకోండి. మోడల్‌ను కొలతలతో సరిపోల్చే పని విసుగనిపిస్తే మూడో ఏడాదిలో ఎంసీఏకి అప్లై చేయొచ్చు. ఈలోపు నేర్చుకున్న పైథాన్ అక్కడా పనికొస్తుంది.