కాజీపేట రాగానే మీ అమ్మకు ఫోన్ చెయ్యి

రాజమండ్రి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముప్పావుగంట మాట్లాడితే అందులో అరగంట నీ మీద చాడీలే. "విమానం టికెట్ కొనిస్తానంటే వద్దంటోందమ్మా. హైదరాబాదు నుంచి ఢిల్లీ దాకా స్లీపర్లో ఒక్కతే పోతుందట, మే నెల్లో! అక్కణ్ణించి కల్కా, సిమ్లా బొమ్మరైలట. నువ్వైనా చెప్పు దానికి" అని. నేను ఊఁ కొడుతూ కూచున్నాను. ఫోన్ పెట్టేశాక కాసేపు నవ్వుకున్నాను. తరవాత నిద్ర పట్టలేదు. అందుకే కాగితం తీశాను. వాట్సాప్‌లో పెడితే నాలుగు లైన్లు చదివి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు, నీ సంగతి నాకు తెలీదూ?

వద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. నీ వయసులో నేను ఒక్కదాన్నీ సామర్లకోట దాకా కూడా వెళ్ళి ఎరగను. నా మనవరాలు ఢిల్లీ వెళ్తానంటే ఎదురింటివాళ్ళకి అప్పుడే చెప్పేశాను కూడా.

టికెట్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. 2024 నవంబరు నుంచీ రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు గదా, ఆ రోజే కూచుని తీసుకో. తత్కాల్‌ని మాత్రం నమ్ముకోకు. గుర్తింపు కార్డు దగ్గరుంచుకో.

బెర్తు దగ్గర కొంచెం ఆగుతాను, లెక్కల టీచర్ని గదా. స్లీపర్లో నీ బెర్తు నంబరుని ఎనిమిదితో భాగించు. ఒకటో నాలుగో మిగిలితే కింది బెర్తు, రెండో ఐదో అయితే మధ్యది, మూడో ఆరో అయితే పైది. ఏడు మిగిలితే సైడు లోయరు, ఏమీ మిగలకపోతే సైడు అప్పరు. సైడు లోయరు దొరికితే కిటికీ నీదేనని సంబరపడకు, పగలంతా వచ్చేపోయేవాళ్ళకి అదే బెంచీ. ఒంటరి ఆడపిల్లకి పై బెర్తే మేలంటాను. బ్యాగు తలకింద, ఎవరూ లేపరు, జరగమనరు. పగలు ఎలాగూ కిందే కూచుంటావు. మధ్య బెర్తు నియమం రాత్రి పదినుంచి పొద్దున ఆరు దాకానే. ఎవరైనా ఎనిమిదింటికే ఎత్తి గొలుసు తగిలించేస్తుంటే మెత్తగా చెప్పు. వినకపోతే టీసీకి చెప్పు, లేదంటే 139కి ఫోన్ చెయ్యి. సూట్‌కేసుకి గొలుసు తాళం వెయ్యి, కింది బెర్తు అడుగున రింగులుంటాయి. సెల్లు పగలే ఛార్జింగ్ పెట్టుకో, దాన్ని అక్కడొదిలేసి నిద్రపోకు.

ఇక తిండి. ఇది మీ అమ్మకి అప్పగిస్తే బిస్కెట్లు, చిప్సు కొనిస్తుంది. మొదటి పూటకి చింతపండు పులిహోర, బాగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడిమీద మూతపెడితే ఆవిరికి చెమ్మగిల్లి కాజీపేటకే వాసనొస్తుంది. సాయంత్రానికి పెరుగన్నం. పెరుగు కలిపి పెడితే మే ఎండకి పుల్లటి కల్లవుతుంది. అన్నం మెత్తగా చిదిపి, కాచి చల్లార్చిన పాలు నిండా పోసి, ఒక్క చెంచా పెరుగు వెయ్యి, ఉప్పు వెయ్యొద్దు. రైల్లోనే తోడుకుని సాయంత్రం నువ్వు మూత తీసేసరికి కమ్మగా ఉంటుంది. ఉప్పు విడిగా పొట్లం కట్టుకో. మాగాయ టెంక ఒకటి చాలు, గోంగూర పచ్చడి వద్దు, నూనె కారి ఎదుటివాళ్ళ దుప్పటి పాడవుతుంది. (మా చెల్లెలు కాశీ వెళ్ళినప్పుడు చేసిన నిర్వాకం అది. ఇప్పటికీ ఒప్పుకోదు.) సున్నుండలు నేను పంపిస్తాను. నాలుగెక్కువే పంపిస్తాను, పక్కన పిల్లలుంటారు.

ఎండని తేలిగ్గా తీసుకోకు. నువ్వెక్కే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ బల్హార్షా చేరేసరికి నడిమధ్యాహ్నం. చంద్రపూర్ నుంచి నాగపూర్ దాకా మే నెల్లో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కిటికీలోంచి వచ్చేది గాలి కాదు, కుంపటి సెగ. ఇనప షట్టరు దించెయ్యి. తువ్వాలు తడిపి మెడ చుట్టూ వేసుకో. ఉప్పు వేసిన మజ్జిగ తాగు, రంగునీళ్ళు కాదు. నాగపూర్ దాటి పొద్దు వాలాక షట్టరెత్తు. ఆమ్లా దాటాక కొండలూ సొరంగాలూ వస్తాయి. వేసవిలో పొద్దు ఆలస్యంగా కుంకుతుంది గనక కొంత వెలుగు దొరకొచ్చు. ఇటార్సీ తరవాత నర్మదా నది చీకట్లో దాటుతుంది. వంతెన చప్పుడు మారినప్పుడు చెవి ఒగ్గి విను. చంబల్ లోయలు నువ్వు నిద్రలో ఉండగా పోతాయి, తిరుగు ప్రయాణంలో చూద్దువు.

నాంపల్లిలో పొద్దున్నే ఎక్కే ఆ తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మా రోజుల్లో ఏపీ ఎక్స్‌ప్రెస్. 2014లో రాష్ట్రం విడిపోయాక పేరు మారింది. నా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. నాకైతే ఢిల్లీ రైలంటే అది కాదు, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్. ఇప్పుడు చెప్పబోయేది ఆ రైలు కథే. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు.

అప్పట్లో ఆ రైలుకొక తిరకాసు ఉండేది. నిజాముద్దీన్ నుంచి వచ్చే ఒకే రైల్లో కొన్ని పెట్టెలు హైదరాబాదువి, కొన్ని వైజాగువి. వైజాగు పెట్టెల్ని లింక్ దక్షిణ్ అనేవాళ్ళం. కాజీపేటలో వాటిని విడదీసేవాళ్ళు. హైదరాబాదు పెట్టెలు సికింద్రాబాద్ దారి పట్టేవి, మనవి వరంగల్లు, ఖమ్మం, బెజవాడ మీదుగా రాజమండ్రి. అందరికీ తెలిసిన సంగతే. నాకు తెలీకనుకునేవు, బాగా తెలుసు. అదే నా ఖర్మ.

మీ అమ్మ అప్పుడు ఇంటర్ చదువుతోంది. హరిద్వారం, ఆగ్రా చూసుకుని మీ తాతయ్య, నేను, అది తిరిగొస్తున్నాం. హైదరాబాదు పెట్టెలో మలక్‌పేట ఆవిడ ఒకావిడ, హరిద్వారంలో మా సత్రంలోనే దిగింది. చేతిలో ఎప్పుడూ అల్లిక. గుండ్రటి టేబులుగుడ్డకి అంచున నెమలి పింఛంలా వచ్చే డిజైనొకటి వేస్తోంది. అది నేర్చుకోవాలని నా ప్రాణం పోతోంది. బల్హార్షాలో రాత్రి భోజనాలయ్యాయి, వీళ్ళిద్దరూ పడుకున్నారు. నేను చీకట్లో కాలికి తగిలిన మీ తాతయ్య హవాయి చెప్పులేసుకుని, పెట్టెలు దాటుకుంటూ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. కాజీపేట ఇంకా చాలా దూరం ఉందిలే అనుకున్నాను.

పింఛం మూడో వరస దాకా గుర్తుంది. ఎదురు బెర్తు ఖాళీగా ఉంటే ఒక్క క్షణం నడుం వాల్చాను. మధ్యలో పెద్ద కుదుపొకటి తగిలినట్టు లీలగా జ్ఞాపకం. ఎవరో భుజం మీద పెన్నుతో తట్టి "టికెట్" అన్నారు. కళ్ళు తెరిస్తే టీసీ.

"మా పెట్టె అటుంది బాబూ, టికెట్ మావారి దగ్గరుంది" అన్నాను.

"ఏ పెట్టెమ్మా?"

చెప్పాను. ఆయన చార్టు మూసేశాడు. "అది వైజాగు పెట్టె గదమ్మా. అది ఈపాటికి మానుకోట దాటుంటుంది. మనం భువనగిరి దగ్గరున్నాం."

పర్సు తలగడ కింద వదిలేసి వచ్చాను. చేతిలో పైసా లేదు. కాళ్ళకి రెండు సైజులు పెద్దవి మగవాళ్ళ చెప్పులు. ఆ టీసీ మంచివాడు, జరిమానా రాయలేదు సరికదా, సికింద్రాబాదులో దిగాక స్టేషను మాస్టరు గదికి తీసుకెళ్ళాడు. అక్కణ్ణించి బెజవాడకి కబురు పెట్టారు. మలక్‌పేట ఆవిడ రెండు యాభై నోట్లు నా గుప్పిట్లో కుక్కి, నేను కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కేదాకా పక్కనే నిలబడింది. ఆ వంద తరవాత మనియార్డరు చేస్తే, దాంతో దారం కొని ఆ పింఛం గుడ్డ పూర్తిచేసి పార్శెల్లో పంపింది. మన రేడియో మీద ఉండేది అదే. నువ్వు చిన్నప్పుడు దానిమీద సిరా ఒంపావు.

నా సంగతి అంతే, ఒక పూట అవమానం. అసలు కథ ఆ రెండో ముక్కలో జరిగింది.

ఖమ్మం దాటాక మీ అమ్మకి మెలకువొచ్చిందట. నా బెర్తు ఖాళీ. బాత్రూముకెళ్ళి ఉంటానని వంగి చూస్తే నా చెప్పులు కిందే ఉన్నాయి. చెప్పుల్లేకుండా ఎక్కడికెళ్తుంది? మీ తాతయ్యని లేపింది. ఇద్దరూ ఒక చివర నుంచి వెతుక్కుంటూ వెళ్ళారు. రాత్రి నేను దాటి వెళ్ళిన దారి ఇప్పుడు లేదు, అక్కడ రైలే అయిపోయింది. ఆ చివరి పెట్టెలో పక్క తలుపు తెరుచుకుని గాలికి కొట్టుకుంటోందట. ఖమ్మం నుంచి బెజవాడ దాకా ఆ రెండు గంటలూ తండ్రీ కూతురూ ఏమనుకుని ఉంటారో నువ్వే ఊహించుకో.

బెజవాడలో దిగి మీ తాతయ్య నేరుగా రైల్వే పోలీసుల దగ్గరికి వెళ్ళారు. సికింద్రాబాదు కబురు ఆయన చెవిన పడ్డానికి ఇంకో పావుగంట పట్టింది. మధ్యాహ్నం నేను దిగేసరికి మీ అమ్మ ప్లాట్‌ఫారం మీద నా చెప్పులు రెండూ గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. ఏడవలేదు, మాట్లాడలేదు. వంగి నా కాళ్ళ దగ్గర పెట్టింది. మీ తాతయ్యా ఒక్క మాటనలేదు. "ఇడ్లీ తిన్నావా?" అన్నారంతే. తిట్టి ఉంటే బావుండేది.

ఎన్నో ఏళ్ళ తరవాత ఏదో పెళ్ళిలో, అందరూ రైలు కబుర్లు చెప్పుకుంటుంటే, నాకొక్కదానికే వినబడేలా చెప్పారు. పోలీసాయన మొదట అడిగింది "ఏ రంగు చీర?" అనట. "నాకు గుర్తు రాలేదే, ఎంత ఆలోచించినా రాలేదు" అన్నారు. అప్పటిదాకా నాకు అర్థం కాని సంగతొకటి అప్పుడర్థమైంది. ఆ యాత్ర తరవాత మేం ఎక్కడికి బయల్దేరినా ఆయన డైరీలో పెట్టె నంబరు, బెర్తు నంబరు, వాటి కింద నా చీర రంగు రాసుకునేవారు. ఆయన పోయాక ఆ డైరీలు తిరగేశాను. "ఆకుపచ్చ, ఎర్రంచు." "పసుపు, చుక్కలు." ఒకచోట "నీలం (అనుకుంటా)."

ఇందుకే చిన్నీ, నువ్వు రైలెక్కుతుంటే మీ అమ్మ ఎందుకలా అరుస్తుందో చెప్పాలనిపించింది. అది నీమీద నమ్మకం లేక కాదు. ఆ భయం నేను పెట్టింది, నీకెందుకు శిక్ష? విసుక్కోకు. ఇప్పుడు నువ్వెళ్ళే రైలు కాజీపేటలో విడిపోదు, ఆ సంగతి దానికీ తెలుసు. తెలిసీ భయపడుతుంది.

అంచేత నావి రెండే షరతులు, మిగతావన్నీ పాటించినా పాటించకపోయినా సరే. నాంపల్లిలో ఎక్కేముందు పెట్టె మీద నంబరు కనబడేలా, నువ్వేసుకున్న బట్టలు కనబడేలా ఒక ఫొటో తీసి మీ అమ్మకి పంపు. రంగు దాని ఫోన్లో ఉంటుంది. కాసిని డబ్బులు, మీ అమ్మ నంబరు రాసిన కాగితమూ పర్సులో కాదు, ఒంటి మీదే ఉంచుకో. సెల్లు పోతే నంబరు గుర్తుంటుందా నీకు? నాకు తెలుసు, ఉండదు.

రామగుండం దాటి మంచిర్యాల రాబోతుండగా గోదావరి వస్తుంది. మన గోదారే, మనింటికి రాకముందు. వేసవి గదా, ఇసకే ఎక్కువ కనబడుతుంది. అయినా ఒక రూపాయి బిళ్ళ వెయ్యి, తాతయ్య పేరు చెప్పి. ఇక్కడ మన వంతెన మీద ఆయన ఎప్పుడూ వేసేవారు, గురి తప్పి కమ్మీకి తగిలి లోపలికే పడేది.

దానికంటే ముందే కాజీపేట. రైలాగుతుంది. దిగక్కర్లేదు, కిటికీలోంచి చూడు చాలు. అక్కణ్ణించి ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి, నాకు కాదు. ఆ టైముకి నేనూ దానికి ఫోన్ కలుపుతుంటాను. ఎంగేజ్ వచ్చిందంటే నువ్వు కాజీపేటలో ఉన్నట్టు.

అమ్మమ్మ