గుండె బొమ్మ సరిచేసే ముందు

కర్నూలు

చిరంజీవి పాపకు, మామ దీవెనలు.

సోమవారం నుంచి స్పెక్ట్-సీటీ మిషను మీద నువ్వొక్కదానివే ఉంటావని అక్క చెప్పింది. అదే, ఒంట్లోకి ఎక్కించిన మందు వదిలే కిరణాలను తిరిగే కెమెరాతోనూ, లోపలి అవయవాలను సీటీ ఎక్స్-రేతోనూ బొమ్మ తీసే మిషను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా.

వరదొచ్చినప్పుడు తుంగభద్ర ఒడ్డున మెట్లు చూసుంటావు. ఎర్రనీళ్లలో మొదటి మెట్టు మసగ్గా కనిపిస్తుంది, నాలుగోది అస్సలు కనపడదు. అట్లని మెట్టు లేదనుకోం కదా. ఒంట్లోనూ అంతే. ఆ మందులోని టెక్నీషియం వదిలే గామా కిరణాల శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రతి 4.6 సెంటీమీటర్ల కండకు వాటిలో సగం ఆగిపోతాయి, లేదా పక్కకు చెదిరిపోతాయి. 10 సెంటీమీటర్ల లోతు నుంచి నేరుగా బయటపడేవి నూటికి 22 మాత్రమే. అందుకే ఆడవాళ్లకు రొమ్ము అడ్డొచ్చి గుండె ముందు గోడ, మగవాళ్లకు ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర డయాఫ్రం అడ్డొచ్చి కింది గోడ రక్తం అందనట్టు కనిపిస్తాయి. ఇట్లా దారిలో పోయిన కిరణాలను లెక్కగట్టి బొమ్మలో పూడ్చడమే కరెక్షన్. తలకైతే అంతా ఒకే రకం కండ అనుకుని 1978లో చాంగ్ చెప్పిన లెక్క సరిపోతుంది. ఛాతీలో ఊపిరితిత్తి వేరు, ఎముక వేరు. అక్కడ కిరణాలు ఎక్కడ ఎంత ఆగుతాయో చూపే సీటీ మ్యాపే దిక్కు.

ఆ మ్యాపు తప్పితే ఏమవుతుందో నా చేతులతోనే చూశాను. పత్తికొండ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. సీటీకి ముందు "గట్టిగా పీల్చి ఊపిరి బిగబట్టు" అన్నాను. డయాఫ్రం దిగింది, గుండె కిందికి జారింది. ఆ తర్వాత కెమెరా తిరిగినంతసేపూ ఆయన మామూలుగానే ఊపిరి తీసుకున్నాడు. దాంతో గుండె పక్క గోడ సీటీలోని ఊపిరితిత్తి మీద పడింది. అక్కడుండేది గాలే కదా అని మిషను తక్కువ పూడ్చింది. లేని మచ్చ పుట్టింది. రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడకుండానే పంపేశాను. ఆయనకు యాంజియోగ్రాం చేశారు, నాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఆ ఖర్చుకు కొడుకు వడ్డీకి తెచ్చాడంట. ఆ తప్పు నాది.

నువ్వు "బిగబట్టు" అనొద్దు. "మెల్లగా, మామూలుగా ఊపిరి తీసుకుంటా ఉండు పెద్దాయనా" అను. చేతులు తలపైకి పెట్టించినప్పుడు మోచేతుల కింద దిండు పెట్టు, భుజం గుంజితే కదిలిపోతారు. స్కానయ్యాక మూడు వైపుల నుంచీ చూడు. గుండె అంచు ఊపిరితిత్తిలోకి పొడుచుకొస్తే బొమ్మను జరిపి, మళ్లీ కరెక్షన్ చేయి. డాక్టరుకు సరిచేయని బొమ్మ కూడా పక్కనే చూపించు. సరిచేసినదాంట్లో గుండె కొస కాస్త పల్చగా ఉంటే కంగారుపడకు, అది మామూలే. పేగుల్లో మందు కింది గోడ పక్కనే వెలుగుతుంటే మాత్రం వదలకు. నీళ్లు తాగించి, కాసేపు నడిపించి మళ్లీ తీయి.

మొదటి కేసు అయ్యాక పేరు తీసేసి ఆ మూడు వైపుల బొమ్మలూ పంపు. మేలుకునే ఉంటా.

మీ మామ