రొయ్యల చెరువు సామానుకి వాటర్‌జెట్టా, లేజరా, ప్లాస్మానా?

మీరు భీమవరం దగ్గర ఫ్యాబ్రికేషన్ (ప్లేట్లు కోసి అతికి సామాను చేసే) షాపు పెడుతున్నానని, ఎక్కువగా చెరువుల సామానే చేస్తానని, ప్లేట్లు కొయ్యడానికి ఏ మిషను కొనమంటారని అడిగారు. నేనూ ఈ గోదావరి డెల్టాలోనే లేత్, వెల్డింగ్ షాపు నడుపుతున్నానండి. మీటరు కోతకి ఎంత పడుతుందో లెక్కేసి మాత్రం మిషను ఎంచుకోకండి. కోశాక ఆ అంచు మీద ఇంకా ఎంత చాకిరీ మిగులుతుందో, ఆ ముక్క ఏ నీళ్ళలో మునుగుతుందో చూసి ఎంచుకోండి. మన దగ్గర ఈ రెండో సంగతి అడిగేవాళ్ళు లేరు. మిషను అమ్మేవాడు అసలే అడగడు.

మొగల్తూరు వైపు ఉప్పు చెరువులున్న రైతు ఒకాయన, ఏరేటర్ (చెరువు నీళ్ళలో గాలి కలిపే మిషను) మోటార్లు కూర్చోబెట్టే ప్లేట్లు వేరే షాపులో చేయించుకున్నారు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు (మేం స్టీలు అనేది దీన్నే), 6 మిల్లీమీటర్ల మందం, ఎయిర్ ప్లాస్మా మీద, అంటే కరెంటుతో విపరీతంగా కాగిన గాలితో కరిగించి కోశారు. ఒక పంట పూర్తికాకుండానే ఓ ప్లేటు ఊడదీసి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఇది స్టీలేనా బాబూ? అయస్కాంతం పెట్టి చూసుకునే కదా కొన్నాను" అన్నారు పాపం. ప్లేటు నడిమధ్య ఇంకా మెరుస్తూనే ఉంది. అంచు పొడుగునా, బోల్టు కన్నాల చుట్టూ మాత్రం తుప్పు చారలు. చేత్తో రాస్తే ఎర్రటి పొడి అంటుకుంది.

స్టీలు మంచిదే బాబాయిగారూ, కోసిన తీరే బాగోలేదు అన్నాను. ఆయన నమ్మలేదు. 304 స్టీల్లో ఉన్న సుమారు 18 శాతం క్రోమియం పైన కంటికి కనపడని పొరలా ఏర్పడి తుప్పుని ఆపుతుంది. ప్లాస్మా వేడికి అంచు నీలంగా, నల్లగా మాడిపోయినప్పుడు, ఆ మాడిన పొర కిందున్న క్రోమియం తరిగిపోతుంది. పైగా సుమారు 425 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే స్టీల్లోని కార్బన్ కూడా క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. ఇక ఆ అంచుకి ఉప్పునీళ్ళు తగిలితే ఏం ఆగుతుంది?

మాటలతో తేలదని ఆయన దగ్గర మిగిలిన ప్లేటే తెప్పించాను. ఒక ముక్క ప్లాస్మా మీద కోయించి అలాగే వదిలేశాం. ఇంకోటి ప్లాస్మా మీదే కోయించి, అంచు గ్రైండింగ్ పట్టి, మాడిన పొరని తినేసే పిక్లింగ్ పేస్టు పూసి కడిగించాం. మూడోది పార్సిల్లో హైదరాబాద్ పంపి వాటర్‌జెట్ (ఒత్తిడి నీళ్ళతో కోసే మిషను) మీద కోయించుకొచ్చాం. మూడింటికీ నైలాన్ తాడు కట్టి ఆయన చెరువు తూము పక్కనే వేలాడదీశాం. రొయ్యల పట్టుబడి రోజున పైకి తీస్తే మొదటిదాని అంచంతా తుప్పు. మిగతా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏదో చెప్పలేకపోయాం. ఆ ముక్కలు ఇప్పటికీ నా షాపులో ఉన్నాయి, ఎవరు వాదించినా తీసి చూపిస్తాను.

అంటే ప్లాస్మా చెడ్డదని కాదు. ప్లాస్మా కోత చవకే, కానీ ఆ గ్రైండర్ పట్టుకున్న కుర్రాడి కూలి, డిస్కులు, పేస్టు, కడిగే నీళ్ళు కలిపితే చవక కాదు. ఆ పేస్టులో ఉండేది నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్లండి. చేతికి తొడుగుల్లేకుండా పిల్లలచేత పూయించే షాపులు చూశాను, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. హైడ్రోఫ్లోరిక్ చర్మంలోంచి దిగి ఎముక దాకా పోతుంది. కడిగిన నీళ్ళని కాలవలోకి వదిలేసేవాళ్ళూ ఉన్నారు, ఆ కాలవ నీళ్ళే కింది ఊళ్ళ మంచినీళ్ళ చెరువులకి వెళ్తాయి.

ఎంఎస్, అంటే మామూలు ఇనుప రకం, మందపు ప్లేట్లకి గ్యాస్ మంటతో కొయ్యడమే సరి. స్టీలుకి అది పనికిరాదు, పైన ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ ఆ మంటకి కరిగి కారదు. ఇంకోటి, రైసుమిల్లు పనుల్లో ఈఎన్8 (కార్బన్ కాస్త ఎక్కువున్న ఉక్కు) ప్లేటు గ్యాస్ మీద కోస్తే అంచు గట్టిపడి లేత్ టూలు విరుగుతుంది. అప్పుడు లేత్ మీద పనిచేసే టర్నర్‌ని తిడతారు! తప్పు కోతది.

మీ పనుల్లో ఎక్కువ భాగం 6 మిల్లీమీటర్ల లోపు స్టీలైతే కాంతి కిరణంతో కోసే ఫైబర్ లేజరే దారి. పల్చటి షీటుని నిమిషానికి మీటర్ల కొద్దీ కోసేస్తుంది. అయితే నైట్రోజన్‌తో కొయ్యమని గట్టిగా చెప్పండి. అంచు తెల్లగా వస్తుంది, మాడు ఉండదు. ఖర్చు తగ్గుతుందని గాలితో కోసిస్తే మళ్ళీ మొదటికే. ఇంకో మాట, డ్రాయింగ్ ఇవ్వకుండా పాత ముక్క ఫోటో వాట్సాప్‌లో పెట్టి "ఇలాగే కావాలి" అనేవాళ్ళకి ఏ మిషనూ సాయం చెయ్యలేదు.

అన్నట్టు, బాగా కోసిన 304 ఒక పంటకి నిలబడినా, ఉప్పు చెరువులో ఏళ్ళ తరబడి వాడడానికి సరిపోదు. 316 రకం స్టీల్లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి అది 304 కన్నా బాగా తట్టుకుంటుంది. రేటు చూసి వెనక్కి తగ్గే రైతుకి ఈ ముక్క ముందే చెప్పెయ్యండి.

ఇక వాటర్‌జెట్. దాదాపు 4000 బార్ ఒత్తిడితో సన్నటి రంధ్రంలోంచి నీళ్ళు, వాటితో గార్నెట్ ఇసుక. అంచు మాడేంత వేడి పుట్టదు. 50 మిల్లీమీటర్ల స్టీలు, రాగి, గ్రానైటు, ఫైబర్ షీటు, రబ్బరు గ్యాస్కెట్, అన్నీ ఒకే బల్ల మీద కోస్తుంది. టెంపర్డ్ గ్లాసు (కాల్చి గట్టిపరిచిన అద్దం) మాత్రం పగిలిపోతుంది. నిదానం, 25 మిల్లీమీటర్ల స్టీలు మీద నిమిషానికి కొన్ని సెంటీమీటర్లే సాగుతుంది. గార్నెట్ నిమిషానికి అరకిలో దాకా తాగేస్తుంది, నడిపే ఖర్చులో పెద్ద వాటా దానిదే.

ఎగ్జిబిషన్లో మిషను చూసి ముచ్చటపడి కొనేవాళ్ళు ఇక్కడి నీళ్ళు మర్చిపోతారు. నీళ్ళు ఎన్ని కావాలన్నది సమస్య కాదు, 50 హార్స్‌పవర్ పంపుకి నిమిషానికి నాలుగు లీటర్లు చాలు. కానీ బోరు నీళ్ళలోని ఉప్పు, సున్నం పంపు సీళ్ళనీ, నీళ్ళు బయటికొచ్చే ఆ సన్నటి రంధ్రం ఉన్న రాయినీ త్వరగా తినేస్తాయి. భీమవరం, నరసాపురం వైపు బోరు నీళ్ళ రుచి మీకు తెలుసు. కాలవ నీళ్ళు పెడదామంటే వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేస్తారు. ఆర్వో ప్లాంటు ధర కూడా మిషను ధరలో కలిపి చూసుకోండి. తొట్టిలో పేరుకున్న గార్నెట్ బురద ఎక్కడ పోస్తారో కూడా ముందే అనుకోండి, వరిచేల మధ్య ఖాళీ జాగా దొరకదు.

అందుకని మీరు వాటర్‌జెట్ కొనకండి. స్టీలు బయటి లేజర్ షాపుకి జాబ్‌వర్క్‌కి (కూలికి కోసిపెట్టడానికి) ఇవ్వండి, మందపు ముక్కలూ గ్యాస్కెట్లూ పోగయినప్పుడు ఒకేసారి వాటర్‌జెట్‌కి పంపండి. గ్రైండర్, తొడుగులు, కళ్ళజోళ్ళు మాత్రం మంచివి కొనండి.