పెట్టెలోనే పేరు రాస్తే చిక్కే

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ అడ్మిషన్ ఫారం నేనే తయారుచేశాను. ఫోన్‌లో చోటు కలిసొస్తుందని 'మీ పేరు', 'తండ్రి పేరు', 'ఐఎఫ్ఎస్‌సీ కోడ్' అన్న మాటల్ని పెట్టెల లోపలే లేత బూడిద రంగులో పెట్టాను. పిల్లలు ఒకచోట నింపాల్సింది ఇంకోచోట నింపుతున్నారు. కొన్ని దరఖాస్తుల్లోనైతే పేరు దగ్గర 'మీ పేరు' అనే వచ్చింది. పొరపాటు ఎక్కడుంది?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు రెండో సంగతి చూద్దాం. మీరు ఆ మాటను 'వాల్యూ'లో (పెట్టెలో నింపిన విలువ ఉండే చోట) రాసి, పెట్టెను తాకగానే జావాస్క్రిప్ట్‌తో చెరిపేస్తూ ఉండి ఉంటారు. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్5కు ముందు చాలామంది చేసిన పద్ధతే ఇది. వాల్యూలో ఉన్నది ఉన్నట్టే సర్వర్‌కు వెళ్తుంది. పైగా పెట్టె నిండే ఉంది కాబట్టి 'రిక్వైర్డ్' (తప్పనిసరి) అని పెట్టినా బ్రౌజర్ ఆపదు. 'ప్లేస్‌హోల్డర్'లో (ఖాళీ పెట్టెలో కనిపించే సూచన మాట) రాసినదైతే సర్వర్‌కు వెళ్లదు.

అలా మార్చినా మొదటి చిక్కు తీరదు. ఒక్క అక్షరం కొట్టగానే ప్లేస్‌హోల్డర్ మాయమవుతుంది. ఫారం నింపేవాళ్లు బ్యాంకు పాస్‌బుక్ కోసం లేచి వెళ్తారు, మధ్యలో ఫోన్ వస్తుంది. తిరిగొచ్చేసరికి ఏ పెట్టె దేనిదో చెప్పే మాటే ఉండదు. చూసుకోవాలంటే రాసింది చెరపాలి! లోపల అక్షరాలు కనబడితే ఇదివరకే నిండిందనుకుని వదిలేసేవాళ్లూ ఉంటారు.

అందుకే ప్రతి పెట్టెకూ పైన 'లేబుల్' (పెట్టె దేనిదో చెప్పే మాట) పెట్టి, దాన్ని పెట్టెకు కలిపే 'ఫర్'లో ఆ పెట్టె ఐడీ ఇవ్వండి. లేబుల్‌ను తాకినా కర్సర్ పెట్టెలోకి వెళ్తుంది, చూపులేనివారికి స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది. ఒక్కో పెట్టెకు ఒక వరుస పెరుగుతుంది, పెరగనివ్వండి. లేబుల్ బదులు ప్లేస్‌హోల్డర్ వాడవద్దని హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఉంది.

సూచనలు కూడా బయటే ఉండాలి. ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలు, ఐదోది సున్నా. అక్కడ ఇంగ్లిష్ 'ఓ' కొట్టేవాళ్లు ఎందరో. టైప్ చేసేటప్పుడే కావలసిన ఈ మాట అప్పుడే మాయమైతే ఏం లాభం? లేబుల్ కింద మామూలు అక్షరాల్లో రాసి, స్క్రీన్ రీడర్ దాన్నీ చదివేలా 'ఏరియా-డిస్క్రైబ్డ్‌బై'తో పెట్టెకు కలపండి.

ప్లేస్‌హోల్డర్ ఉంచాలనే ఉంటే ఒక నమూనాకు మాత్రమే వాడండి. తెల్లటి పెట్టెలో లేత బూడిద #999 రంగు చాలదు, వెబ్ అందరికీ అందేలా చూసే ప్రమాణం డబ్ల్యూసీఏజీ అడిగే 4.5:1 కాంట్రాస్ట్‌కు (అక్షరాలకూ వెనుక రంగుకూ ఉండే తేడా) కనీసం #767676 అంత ముదురు కావాలి. ఫైర్‌ఫాక్స్ దాన్ని ఇంకా పలచన చేయొచ్చు, అలా కాకుండా ఒపాసిటీ (రంగు గాఢత) 1 అని ఇవ్వండి.

'మీ పేరు' అని వచ్చిన దరఖాస్తుల్లో ఫోన్ నంబర్లు ఉంటాయిగా, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అసలు పేర్లు కనుక్కోక తప్పదు.