10ఎక్స్‌లో కనిపించిన సెల్ 40ఎక్స్‌కి తిప్పగానే ఎందుకు మాయమవుతోంది?

మీరు రెండు అడిగారు, మైక్రోస్కోప్‌లో ఏ భాగం దేనికి అని, 10ఎక్స్ (పది రెట్లు పెద్దది చేసే) లెన్స్‌లో చక్కగా కనిపించిన సెల్ 40ఎక్స్‌కి తిప్పగానే ఎటు పోతోంది అని. రెండోదే ముందు చెప్తా, అది అర్థమైతే సగం భాగాలు వాటంతటవే అర్థమవుతాయి.

ముందు స్లైడ్ తిరగేసి పెట్టారేమో చూడండి. కవర్‌స్లిప్ (స్లైడ్ మీద కప్పే పల్చటి గాజు) కిందికి ఉన్నా 10ఎక్స్‌లో తేడా తెలీదు, ఆ లెన్స్‌కీ స్లైడ్‌కీ మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది కాబట్టి. 40ఎక్స్ అలా కాదు, ఫోకస్ అయ్యేసరికి దాని మూతి కవర్‌స్లిప్‌కి అర మిల్లీమీటరు దగ్గరికి వచ్చేస్తుంది, స్లైడ్ గాజేమో దాదాపు ఒక మిల్లీమీటరు మందం, ఇంక ఎంత తిప్పినా అందదు, బలవంతంగా తిప్పితే గాజు పగులుతుంది. కవర్‌స్లిప్ 0.17 మిల్లీమీటర్లు ఉంటుందనే లెక్కతోనే ఆ లెన్స్ చేస్తారు. అది సరిగ్గానే ఉంటే, మార్చేముందు సెల్‌ని మధ్యలోకి తెచ్చారా? 10ఎక్స్‌లో కనిపించే గుండ్రటి ఫీల్డ్ 1.8 మిల్లీమీటర్లు అనుకుంటే 40ఎక్స్‌లో 0.45 మాత్రమే, అంటే వైశాల్యంలో పదహారో వంతు. అంచున ఉన్నదేదైనా బయటికి పోతుంది.

ఈ రెండూ బాగుండి కూడా తెల్లగానే ఉందంటే ఇంక వెలుతురు సంగతే. ఇది మాత్రం నేను జన్మలో మర్చిపోను. డిగ్రీ ఫస్టియర్ ప్రాక్టికల్స్‌లో చెంప లోపల టూత్‌పిక్‌తో మెల్లగా గీకి స్లైడ్ చేయమన్నారు, నా వంతు వచ్చేసరికి స్టెయిన్ (సెల్స్‌కి వేసే రంగు) సీసా ఖాళీ, సరే అని వట్టి సెలైన్ చుక్కలో పెట్టేశా. లైట్ ఎంత ఎక్కువుంటే అంత బాగా కనబడుతుందనుకుని ల్యాంప్ నాబ్ చివరిదాకా తిప్పి కూర్చున్నా. నలభై నిమిషాలు, మెడ పట్టేసింది, కళ్ళల్లో నీళ్ళు, కనబడేది మాత్రం తెల్లటి వెలుగు ఒక్కటే. మేడం వచ్చి ‘ఫోకస్ చెయ్యి’ అని చెప్పి పక్క టేబుల్‌కి వెళ్ళిపోయారు. అప్పుడు ల్యాబ్ అటెండర్ గారు వచ్చి, కన్ను పెట్టే ఐపీస్‌లోకి కూడా చూడలేదు, స్లైడ్ పెట్టే స్టేజ్ కిందికి చెయ్యి పెట్టి ఒక చిన్న లివర్‌ని కాస్త పక్కకి జరిపి ‘ఇప్పుడు చూడు బాబూ’ అన్నారు. చూస్తే ఫీల్డ్ నిండా సెల్స్! సన్నటి అంచులు, అక్కడక్కడ మడతలు, మధ్యలో చుక్కలా న్యూక్లియస్. మళ్ళీ లివర్ వెనక్కి జరిపితే అన్నీ వెలుగులో కరిగిపోయాయి. ‘అవి అక్కడే ఉన్నాయి, నువ్వే వెలుతురుతో చెరిపేశావ్’ అన్నారు. ఆ పీరియడ్ అయిపోయేదాకా దాన్ని తెరుస్తూ మూస్తూనే కూర్చున్నా.

బాధేంటంటే దాని పేరు ఐరిస్ డయాఫ్రం అని నాకు ముందే తెలుసు, రికార్డులో బొమ్మ గీసి బాణం గుర్తు కూడా పెట్టా, మార్కులూ పడ్డాయి. కానీ అది వేలికి ఎక్కడ తగులుతుందో తెలీదు. భాగాల పేర్లు రాయిస్తారు గానీ ఒక్కసారైనా వాటి మీద చెయ్యి పెట్టించరు, ఇది నాకు ఇప్పటికీ కోపమే. పరీక్షలో బొమ్మ తీసేసి ఒక స్లైడ్ ఫోకస్ చేయించి మార్కులేస్తే చాలు.

ఐరిస్ పైన ఉండే కండెన్సర్ వెలుతురుని శంకువులా పోగుచేసి స్పెసిమన్ మీదికి పంపుతుంది, ఆ శంకువు ఎంత వెడల్పుండాలో ఐరిస్ చూసుకుంటుంది. మూస్తే కాంట్రాస్ట్ పెరుగుతుంది, మరీ మూస్తే అంచుల చుట్టూ నల్లగీతలొచ్చి సన్న వివరాలు పోతాయి. ఒక ఐపీస్ తీసి ట్యూబ్‌లోకి చూడండి, వెలుతురు వలయం నాలుగింట మూడొంతులు తెరుచుకుని ఉంటే సరిపోతుంది, స్టెయిన్ వేయని స్లైడ్‌కి ఇంకాస్త మూయొచ్చు. లైట్ ఎక్కువైందనిపిస్తే ల్యాంప్ నాబ్ తగ్గించండి, ఐరిస్ అందుకు కాదు. కండెన్సర్‌ని కూడా కిందికి దించి వదిలేయకండి, మామూలుగా అది పైకే, స్టేజ్‌కి దగ్గరగానే ఉండాలి.

ఆబ్జెక్టివ్ (స్లైడ్ వైపు ఉండే లెన్స్) మీద 40 పక్కన 0.65 అని ఉంటుంది చూడండి, అదే న్యూమరికల్ అపెర్చర్, లెన్స్ ఎంత వెడల్పాటి వెలుతురు శంకువుని తీసుకోగలదో చెప్పే అంకె, నా దృష్టిలో 40 కంటే అదే ముఖ్యం. ఎంత సన్నటి వివరం విడిగా కనబడుతుందో తేల్చేది అదే, 1873లో అబ్బే అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పాడు, మామూలు లైట్ మైక్రోస్కోప్‌కి హద్దు దాదాపు 0.2 మైక్రోమీటర్లు అని. ఆ న్యూమరికల్ అపెర్చర్‌ని వెయ్యితో గుణిస్తే వచ్చేదానికి మించి పెద్దది చేస్తే మసకే పెద్దదవుతుంది. అందుకే డబ్బా మీద 2000ఎక్స్ అని రాసి అమ్మే బొమ్మ మైక్రోస్కోపులు చూస్తే ఒళ్ళు మండుతుంది, పిల్లలు అందులో మసక చూసి తమకే చేతకావట్లేదనుకుంటారు.

ఇక వాడటం అంటారా, ఎప్పుడూ 4ఎక్స్‌తోనే మొదలు, పక్కనుంచి చూస్తూ స్టేజ్ పైకి తెచ్చి, ఐపీస్‌లో చూస్తూ కిందికి దించాలి. 40ఎక్స్‌కి వచ్చాక పెద్ద ఫోకస్ నాబ్ ముట్టుకోవద్దు, చిన్న ఫోకస్ నాబ్ అటూ ఇటూ కొంచెం చాలు. స్లైడ్ ఎడమకి జరిపితే బొమ్మ కుడికి పోతుంది, కంగారు పడకండి. ఆయిల్ 100ఎక్స్‌కి మాత్రమే, గాలికి బదులు గాజు లాంటి ఆయిల్ మధ్యలో ఉంటే పక్కలకి వంగిపోయే వెలుతురు కూడా లెన్స్‌లోకి వస్తుంది. ఆ ఆయిల్ ఉన్న స్లైడ్ మీద 40ఎక్స్ తిప్పేస్తారు చాలామంది, తర్వాతి బ్యాచ్‌కి అంతా పొగమంచే. మీది కూడా పొగలా ఉంటే ఆబ్జెక్టివ్ మూతిని లెన్స్ పేపర్‌తో తుడవండి, చొక్కా అంచుతో మాత్రం వద్దు. మచ్చ కనబడుతుంటే ఐపీస్ తిప్పి చూడండి, మచ్చ కూడా తిరిగితే దుమ్ము ఐపీస్ మీదే ఉన్నట్టు.

అప్పటికీ రాకపోతే స్లైడ్‌కి స్టెయిన్ వేశారో లేదో, ట్యూబ్‌లోకి చూస్తే వలయం ఎంత తెరుచుకుని ఉందో రాయండి.