గౌతమి అంటే నదా, రైలా? ట్యాగులకు అర్థం జోడించడం ఎలా?

ప్రశ్న: గోదావరి డెల్టా పాత, కొత్త ఫొటోలను మా విద్యార్థులూ చుట్టుపక్కల గ్రామాల వారూ కలిసి ఒక ఉమ్మడి ఆన్‌లైన్ ఆల్బంలో చేరుస్తున్నారు. ఎవరికి తోచిన ట్యాగు (ఫొటోకు తగిలించే గుర్తింపు మాట) వారు పెట్టుకోవచ్చని చెప్పాం. ఇప్పుడు ‘కాటన్’ అని వెతికితే ధవళేశ్వరం బ్యారేజీతో పాటు నేత చీరలు కూడా వస్తున్నాయి. ‘గౌతమి’ అని వెతికితే నదీపాయ పక్కనే గౌతమి ఎక్స్‌ప్రెస్ రైలు కనిపిస్తోంది. ఇకపై మేం ఇచ్చిన పదాల జాబితా నుంచే ట్యాగులు ఎంచుకోవాలని నియమం పెడితే సరిపోతుందా?
— ఒక అధ్యాపకురాలు, అమలాపురం

జవాబు: అలాంటి నియమం పెట్టవద్దండీ. ఎవరి నోట్లో నానే మాటతో వారు ఫొటోను గుర్తుపెట్టుకోవడంలోనే మీ ఆల్బం బలమంతా ఉంది. జాబితా చేతికిచ్చి ఇందులోంచే ఎంచుకోమంటే, లంక గ్రామాల్లో పడవ నడిపేవారూ కొబ్బరి దింపు కార్మికులూ తమ మాట అందులో కనిపించక, ఇది మన కోసం కాదులే అనుకుని ఫొటోలు పెట్టడమే మానేస్తారు. 2003లో జాషువా షాక్టర్ ప్రారంభించిన వెబ్ లింకులు దాచుకునే సైటు డెలిషియస్, ఆ మరుసటి ఏడు వచ్చిన ఫొటోల సైటు ఫ్లికర్ అంతగా ఆదరణ పొందడానికి ఒక ముఖ్య కారణం ఈ స్వేచ్ఛే. పైనుంచి ఎవరో నిర్ణయించకుండా వాడేవారి మాటల్లోంచి పుట్టుకొచ్చే ఈ వర్గీకరణకు థామస్ వాండర్ వాల్ 2004లో ‘ఫోక్సోనమీ’ అని పేరు పెట్టారు.

అయితే మీరు చెప్పిన ఇబ్బంది నిజమైనదే. ట్యాగు కంప్యూటరుకు ఒట్టి అక్షరాల వరుస. అందులో దానికి కాటన్ దొరా కనిపించడు, నూలు బట్టా కనిపించదు. దీనికి విరుగుడుగా జనం మాటను దిద్దవలసిన పని లేదు. మాటను ఉన్నది ఉన్నట్టు ఉంచి, అది ఏ వస్తువును లేదా ఏ వ్యక్తిని ఉద్దేశించినదో దాని పక్కన వేరుగా నమోదు చేయాలి. మామూలుగా ఒక ట్యాగు వెనుక మూడు సంగతులు నమోదవుతాయి: పెట్టింది ఎవరు, దేనికి పెట్టారు, ఏ మాట పెట్టారు. అలెగ్జాండ్ర్ పసాన్, ఫిలిప్ లోబ్లే 2008లో ప్రతిపాదించిన ‘మోట్’ అనే పద్ధతి వీటికి నాలుగోదిగా ‘ఏ అర్థంలో పెట్టారు’ అన్నదాన్ని చేర్చింది. ఆ అర్థాన్ని మళ్లీ మాటల్లో రాయకుండా వెబ్‌లో దానికంటూ ఉన్న చిరునామాతో సూచిస్తారు. ఈ కాలంలో అందుకు అన్నిటికంటే అందుబాటులో ఉన్నది 2012లో మొదలైన వికీడేటా అనే ఉచిత సమాచార నిధి. అందులో ప్రతి వ్యక్తికీ, ఊరికీ, నదికీ ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఒకటి ఉంటుంది, ఆ సంఖ్య కింద తెలుగుతో సహా అనేక భాషల పేర్లు చేరతాయి.

ఆచరణలో ఇది అంత భారమైన పని కాదు. మీ విద్యార్థి ‘కాటన్’ అని టైపు చేయగానే కింద మూడు వరుసలు కనిపించాలి: ఆర్థర్ కాటన్ (ఇంజనీరు), ధవళేశ్వరం బ్యారేజీ, నూలు వస్త్రం. వాటిలో ఒకదాన్ని తాకితే చాలు. ఫొటో కింద మాత్రం అతను రాసిన ‘కాటన్’ అన్న మాటే ఉంటుంది, సంఖ్య లోపల దాగి ఉంటుంది. ఉచిత ఫొటోల నిధి అయిన వికీమీడియా కామన్స్‌లో 2019 నుంచి ‘ఈ బొమ్మలో ఉన్నది ఏమిటి’ అన్న గడి ఇలాగే పనిచేస్తోంది. ఎవరైనా ఏ వరుసనూ ఎంచుకోకపోతే బలవంతపెట్టకండి. అర్థం తేలని ట్యాగు ఉన్నా నష్టం లేదు గానీ, పని తొందరగా ముగించాలని ఏదో ఒకటి తాకేసిన ట్యాగు మాత్రం తప్పు సమాచారమై కూర్చుంటుంది.

దీనివల్ల కలిగే అసలు లాభం చీరలూ బ్యారేజీ విడిపోవడం మాత్రమే కాదు. ‘గౌతమి’ అన్న ట్యాగు నదికి ముడిపడిందంటే, ఆ నది ధవళేశ్వరం దిగువన గోదావరి చీలగా ఏర్పడిన పాయ అన్న సంబంధం కూడా దాని వెంట వస్తుంది. వశిష్ఠ, వైనతేయ పాయల ఫొటోలు కూడా అలాగే ముడిపడి ఉంటే, ఎవరూ ఎన్నడూ రాయని ‘గోదావరి పాయలు’ అన్న ప్రశ్నకు మీ ఆల్బం జవాబు చెప్పగలుగుతుంది. 2001లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ తన సహచరులతో కలిసి వివరించిన సెమాంటిక్ వెబ్ ఆలోచనలో ముఖ్యాంశం ఇదే. వస్తువుల మధ్య ఉన్న సంబంధాలను యంత్రం అనుసరించగలిగేలా రాసిపెడితే, మనం చెప్పనిది కూడా అది సమకూర్చి ఇవ్వగలదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే ఉత్సాహంగా ఈ పని మొదలుపెట్టిన వారు ఎక్కువగా పొరపడేది ఈ చోటే. ఒకేలా కనిపించే మాటలను విడదీసిన ఊపులో, దగ్గరగా ఉన్న మాటలన్నిటినీ కలిపేయకండి. పులసనే తీసుకోండి. సముద్రంలో ఉన్నప్పుడు విలస అనీ, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అనీ మనవాళ్లు పిలిచే చేప జీవశాస్త్రం ప్రకారం ఒకటే జాతి, టెనువలోసా ఇలిషా. జాతి ఒకటే కదా అని రెండు ట్యాగులనూ ఒకే అర్థానికి కట్టేస్తే, రేవులో చేప కొనేవారికి ప్రాణప్రదమైన తేడా మీ ఆల్బంలోంచి చెరిగిపోతుంది. రుచి వేరు, ధర వేరు, దొరికే కాలం వేరు. ఇలాంటి చోట 2009లో వెబ్ ప్రమాణాల సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ఆమోదించిన, భావనల మధ్య సంబంధాలను రాసిపెట్టే ‘స్కోస్’ పద్ధతి ఉపకరిస్తుంది. అందులో పులస, విలస అన్నవి రెండు వేర్వేరు భావనలుగా ఉంటూనే, రెంటికీ పైన ఆ జాతి విస్తృత భావనగా నిలుస్తుంది. ఒకే భావనకు ఒక ప్రధాన నామాన్నీ ఎన్ని ప్రత్యామ్నాయ నామాలనైనా ఇచ్చే వీలు కూడా ఉంది. దానిని ధవళేశ్వరం, డౌలేశ్వరం వంటి జంటలకు వాడండి, పులసకు వాడకండి.

కాలం విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. ‘ధవళేశ్వరం ఆనకట్ట’ అన్న ట్యాగు ఉన్న పాత ఫొటోలో 1847–1852 మధ్య కాటన్ ఆధ్వర్యంలో కట్టిన ఆనకట్ట ఉండవచ్చు, ఇటీవలి ఫొటోలో దాని స్థానంలో తరవాత వచ్చిన బ్యారేజీ ఉంటుంది. జనం రెంటినీ ఆనకట్టే అంటారు, అందులో తప్పేమీ లేదు. ఫొటో తీసిన సంవత్సరాన్ని బట్టి అర్థాన్ని ఎంచుకోవాలి. అలాగే 2015లో తీసిన అంతర్వేది ఫొటోకు ‘తూర్పు గోదావరి’ అని ఉంటే దాన్ని దిద్దకండి. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, ఆ ఫొటో నాటికి అంతర్వేది తూర్పు గోదావరిలోనే ఉంది. ట్యాగును ఊరికి ముడిపెట్టండి, ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో విడిగా నమోదు చేయండి.

ఇక ‘చూడాలి’, ‘మా అమ్మమ్మ ఊరు’ వంటి ట్యాగులు కూడా మీ ఆల్బంలో ఉండే ఉంటాయి. డెలిషియస్ ట్యాగులపై గోల్డర్, హ్యూబర్‌మన్ 2006లో ప్రచురించిన అధ్యయనం వీటిని ప్రత్యేక రకాలుగా గుర్తించింది: కొన్ని విషయాన్ని చెబుతాయి, కొన్ని పెట్టినవారికి మాత్రమే చెందుతాయి, కొన్ని చేయవలసిన పనిని గుర్తుచేస్తాయి. ‘అమ్మమ్మ ఊరు’కు అర్థం ఆ మనిషితో కలిపి చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి దాన్ని దేనికీ ముడిపెట్టకుండా ఆ వ్యక్తి పేరు కింద అలాగే ఉండనివ్వండి.

ప్రశ్న: ఇంతమంది చేత ఎంపిక చేయించడం ఎందుకు? ఏ ట్యాగులు ఏ ట్యాగులతో కలిసి వస్తున్నాయో చూసి అర్థాన్ని యంత్రమే తేల్చుకోలేదా?
— ఒక ఇంజనీరింగు విద్యార్థి, పాలకొల్లు

జవాబు: కొంతవరకు తేల్చుకుంటుంది. ‘ధవళేశ్వరం’, ‘లాకులు’ అన్న మాటలతో వచ్చే కాటన్ ఒక గుంపుగానూ, ‘చీర’, ‘అంచు’ అన్న మాటలతో వచ్చే కాటన్ మరో గుంపుగానూ విడిపోతాయి. ఫ్లికర్ 2005లోనే ఇలాంటి గుంపులు చూపించింది. కానీ ఇందుకు లక్షల కొద్దీ ట్యాగులు కావాలి, తెలుగులో డెల్టా గురించి అంత సరుకు ఇంకా లేదు. రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. రెండు మాటలు తరచుగా కలిసి వస్తున్నాయని యంత్రం చెప్పగలదు, వాటి మధ్య బంధం ఏమిటో ఆ లెక్క చెప్పదు. ‘అంతర్వేది’, ‘వశిష్ఠ’ ఎప్పుడూ కలిసే కనిపించవచ్చు. ఒకటి ఊరని, రెండోది ఆ ఊరి దగ్గర సముద్రంలో కలిసే పాయ అని ఎవరో ఒకరు చెప్పాలి. కాబట్టి సూచన చేసే పని యంత్రానికి ఇవ్వండి, ఖాయం చేసే పని ఆ ప్రాంతం తెలిసిన మనిషికి ఉంచండి. భాషా నమూనాలు ఈ సూచనలను ఇంకా మెరుగుపరుస్తాయి, అయినా ఖాయం చేసే మనిషి స్థానం మారదు.

ఇప్పటికే ఉన్న ఒక నమూనాను పరిశీలించమని మీకు ప్రత్యేకంగా చెబుతాను. ఎవరైనా దిద్దగల ప్రపంచ పటంగా 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి ట్యాగూ ఒక గుణం, దాని విలువ అనే జంటగా ఉంటుంది. మన డెల్టా కాలువలు ‘వాటర్‌వే=కెనాల్’ అని నమోదవుతాయి, తెలుగు పేరుకు వేరే గడి ఉంటుంది. కొత్త ట్యాగు ఎవరైనా కల్పించవచ్చు, కానీ దాని అర్థాన్ని అందరూ చదివే చోట రాసి, చర్చించి స్థిరపరుస్తారు. స్వేచ్ఛనూ అర్థాన్నీ ఒకేసారి నిలబెట్టడం సాధ్యమేనని నాకు నమ్మకం కలిగించింది ఇదే. మీ ఊరి కాలువను, దాని మీది వంతెనను మీరే అందులో చేర్చి చూడండి.

ప్రశ్న: ఒకే ట్యాగును ఒకేలా రాసినా రెండుగా లెక్కిస్తోంది. ఎందుకు?
— ఒక గ్రంథాలయ ఉద్యోగి, నరసాపురం

జవాబు: చాలావరకు కంటికి కనిపించని అక్షరం వల్ల. తెలుగులో పొల్లు హల్లును తరవాతి అక్షరంతో కలవకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు వెడల్పు లేని ఒక గుర్తును చేరుస్తాయి. ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో దాని స్థానం 200సి. ‘కాటన్’ చివర అది ఉన్నా లేకపోయినా తెరమీద తేడా కనిపించదు, కంప్యూటరుకు మాత్రం అవి రెండు మాటలు. యూనికోడ్ సాధారణీకరణ (ఒకే అక్షరానికున్న వేర్వేరు కోడ్ రూపాలను ఒకటి చేసే పద్ధతి) కూడా దీన్ని తీసివేయదు, కాబట్టి ట్యాగులను పోల్చే ముందు మాట చివరనున్న ఆ గుర్తును మీరే తొలగించాలి. మాట మధ్యలో ఉన్నదాన్ని, పోల్చడానికి తయారుచేసుకునే ప్రతిలో మాత్రమే తొలగించండి. పాఠకులకు చూపించే ప్రతిలో దాన్ని తీసేస్తే ఆ పొల్లు తరవాతి అక్షరానికి ఒత్తుగా చేరి మాట రూపమే మారిపోతుంది.