బ్లడ్ థిన్నర్, ఐరన్ మాత్రలు రెండూ కలిపి వేసుకోవచ్చా?

వేసుకోవచ్చండి. కాలి నరంలో గడ్డ కట్టినందుకు మీ అక్క వాడుతున్న రివరాక్సబాన్‌కీ, రక్తహీనతకని ఇప్పుడు రాసిన ఐరన్‌కీ పడకపోవడమేమీ లేదు. "ఒకటి రక్తాన్ని పల్చన చేసేది, ఇంకోటి రక్తం పట్టించేది కదా, ఒకటి ఆపేద్దామా?" అని అడిగారు. దయచేసి మీ అంతట మీరు ఏదీ ఆపకండి. నేను ఈ రెండు మందులూ ఒకేసారి వాడినదాన్నే. అప్పుడు మా ఇంట్లోవాళ్లకీ సరిగ్గా ఇదే భయం పట్టుకుంది.

రివరాక్సబాన్ రక్తాన్ని నీళ్లలా మార్చదు. రక్తం గడ్డకట్టడానికి వరసగా కొన్ని ప్రొటీన్లు పనిచేయాలి, అందులో ఫ్యాక్టర్ 10ఏ అనే ఒకదాన్ని ఇది అడ్డుకుంటుంది. హిమోగ్లోబిన్ జోలికి పోదు. ఐరనేమో హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన సరుకు. గడ్డకట్టకుండా ఆపే పనికి అది అడ్డు తగలదు. కాలిలో గడ్డ కట్టాక కనీసం 3 నెలలు మందు వాడమంటారు. ఆ మధ్యలో మానేస్తే గడ్డ పెరగొచ్చు, విడిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. నీరసం తగ్గుతుందేమోనని ఆ ప్రమాదం కొని తెచ్చుకోకూడదు.

అయితే మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అదే ముఖ్యమనిపిస్తోంది. మీ అక్క రక్తం ఎటు పోతోంది? బ్లడ్ థిన్నర్ తనంతట తాను రక్తహీనత తెచ్చిపెట్టదు. ఎక్కడో కారుతున్నదాన్ని ఎక్కువ కారేలా చేస్తుంది. ఆ చోటు వెతకకుండా ఐరన్ మింగుతూ పోవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

నా విషయంలో ఆ చోటు నెలసరి. నేను డాక్టరు దగ్గరికి వెళ్లింది మెట్లెక్కితే ఆయాసం వస్తోందని. ఆవిడ గుండె సంగతి అడుగుతుందనుకున్నాను. కానీ అడిగిన మొదటి మాట, "ప్యాడ్ ఎంతసేపటికి మార్చాల్సి వస్తోంది?" గంటా రెండు గంటలకే తడిసిపోతోందని, రాత్రి కూడా లేచి మార్చుకుంటున్నానని చెప్పాను. ఆ తర్వాత, "ఐస్ నమలాలనిపిస్తోందా?" అంది. నాకు నోట మాట రాలేదు. అప్పటికి కొన్నాళ్లుగా ఫ్రిజ్‌లోంచి ఐస్ ముక్కలు తీసి కరకరా నములుతూనే ఉన్నాను, అదో జబ్బు లక్షణమని ఎవరికి తడుతుంది? ఐరన్ బాగా పడిపోయినవాళ్లలో కొందరికి ఇలా ఉంటుందట. ఐరన్ మొదలుపెట్టాక ఆ యావ హిమోగ్లోబిన్ పెరగకముందే పోయింది. మీ అక్కని కూడా ఈ రెండూ అడిగి చూడండి. తమ్ముడికో చెల్లెలికో చెప్పుకోవడానికి మొహమాటపడే విషయం కాబట్టే మీకు తెలియకపోయి ఉండొచ్చు.

నెలసరే కారణమైతే దారులున్నాయి. రివరాక్సబాన్‌తో నెలసరి రక్తస్రావం మిగతా కొన్ని మందులకంటే ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులు గమనించారు. నన్ను అందుకే ఎపిక్సబాన్ అనే ఇంకో బ్లడ్ థిన్నర్‌కి మార్చారు. అది రోజుకి రెండుసార్లు వేసుకోవాలి, మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు కాబట్టి పూట తప్పకూడదు. కొందరికి గర్భసంచిలో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉన్న లూప్ వేస్తారు. ఏది సరిపడుతుందో గైనకాలజిస్టూ, గడ్డకి మందిచ్చిన డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి, ఒకరికి తెలియకుండా ఇంకొకరు కాదు.

ఎందుకంటే రక్తస్రావం ఆపడానికి మామూలుగా ఇచ్చే ట్రనెక్సమిక్ యాసిడ్ కట్టిన గడ్డని కరగనివ్వదు. ఒంట్లో గడ్డ ఉన్నవాళ్లకి అది మామూలుగా ఇవ్వరు. తెలిసినవాళ్లకి పనిచేసిందని తెచ్చి వేసుకునే మందు కాదు. కడుపునొప్పికి చాలామంది వేసుకునే మెఫెనమిక్ యాసిడ్, ఇంకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే, బ్లడ్ థిన్నర్‌తో కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది, కడుపులో పుండు పడే భయం కూడా ఉంది. నొప్పికి పారాసెటమాల్ నయం.

నెలసరి మామూలుగానే ఉంటే, లేదా ఆగిపోయిన వయసైతే, కడుపూ పేగులూ చూపించాల్సిందే. ఎండోస్కోపీ అంటే వాయిదా వేయొద్దు.

ఈ రెండు మందులూ కలిసి వాడేవాళ్లు మలం రంగు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఐరన్ వేసుకుంటే మలం నల్లబడుతుంది, అది సహజం. కానీ కడుపులో రక్తం కారినా నల్లగానే వస్తుంది. తేడా ఏమిటంటే, ఐరన్ వల్ల అయితే ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు, మామూలుగా గట్టిగానే ఉంటుంది. రక్తం వల్ల అయితే తారులా జిగటగా, మెరుస్తూ, మామూలుగా రాని ఒక దుర్వాసనతో ఉంటుంది. అలా కనిపించినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా, గుండె దడదడలాడుతున్నా రేపు చూద్దామనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. "ఐరన్ మాత్ర వల్లేలే" అని సరిపెట్టుకోవద్దు.

ఐరన్ వేసుకునే పద్ధతి: పరగడుపున వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, యాంటాసిడ్, ఇవి దానికి దగ్గర్లో ఉండకూడదు. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే రెండింటికీ 4 గంటలు ఎడం ఉండాలి. రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు మాత్రం తిండితోనే వేసుకోవాలి, లేకపోతే సరిగా ఒంటబట్టవు. అందుకని మందు మార్చకముందు నేను ఐరన్ పొద్దున్నే, రివరాక్సబాన్ రాత్రి భోజనంతో పెట్టుకున్నాను. ఐరన్‌తో కడుపులో మంట, మలబద్ధకం భరించలేకపోతే డాక్టరుని అడిగి రోజు విడిచి రోజు వేసుకోవచ్చు. ఒక డోసు వేసుకున్నాక లివర్‌లోంచి హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, దాదాపు ఒక రోజు పాటు పేగులు ఐరన్ తీసుకోకుండా చేస్తుంది. అందువల్ల విడిచి వేసుకుంటే ఒక్కో మాత్రలోంచి ఒంటబట్టే భాగం పెరుగుతుంది. మాత్రలు అసలే పడనివాళ్లకి ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ లాంటివి నరంలోకి ఎక్కిస్తారు.

పని చేస్తోందా అన్నది 2 నుంచి 4 వారాల్లో తెలుస్తుంది, హిమోగ్లోబిన్ 1 గ్రామో అంతకంటే ఎక్కువో పెరగాలి. పెరగలేదంటే ఇంకా కారుతోందని, లేదా మాత్ర ఒంటబట్టట్లేదని, లేదా అసలు లోపం ఐరన్‌ది కాదని. బీ12 లోపం కూడా రక్తహీనతే తెస్తుంది, దానికి ఐరన్ ఎంత మింగినా ఫలితం ఉండదు. ఇంకొకటి, హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చింది కదా అని ఐరన్ మానేయకూడదు. ఒంట్లో నిల్వలు నిండటానికి ఆ తర్వాత కూడా సుమారు 3 నెలలు వాడమంటారు.

మీ అక్క రిపోర్టులో ఫెరిటిన్ అనే వరస ఉందేమో చూడండి. నాకు హిమోగ్లోబిన్ 8 ఉన్నప్పుడు ఫెరిటిన్ 6 ఉంది, అంటే నిల్వలు అడుగంటాయన్నమాట. ఆ పరీక్ష చేయించి ఉండకపోతే ఈసారి వెళ్లినప్పుడు అడిగి మరీ చేయించండి.